పెద్ద కుక్కకి వెనక కాలు తీసేశాక: ముందు నేల సరిచెయ్యి, తర్వాత కుక్కని లేపు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. పర్లాకిమిడిలో మీ ఇంట్లో నాలుగేళ్ల మగ లాబ్రడార్ టైగర్, 36 కిలోలు, పాతపట్నం రోడ్డులో బండి గుద్దితే కుడి వెనక కాలు నుజ్జయింది, విశాఖపట్నం తీసుకెళ్తే తొడ పైదాకా తీసేశారు, ఈ రోజుకి 4వ రోజు. వాడు లేవట్లేదు, రాత్రుళ్లు ఉన్నట్టుండి అరుస్తున్నాడు, తిండి ముట్టట్లేదు, మీ నాన్నగారేమో ఇలా బతికించే కంటే ఇంజెక్షన్ ఇప్పించేస్తే పుణ్యం వచ్చేది అంటున్నారు, మేం తప్పు చేశామా అని అడిగావు.

తప్పు చెయ్యలేదు. నలిగిపోయి రక్తం ఆడని కాలు ఉంచితే విషం ఒళ్లంతా ఎక్కేది. ఈ మాట ధైర్యం కోసం చెప్పడం లేదు, మా కుక్క భీముడి విషయంలో మూడు రోజుల ఆలస్యంలో అది ఎలా ఉంటుందో కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం, ఉద్దానం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా పెరట్లో కొబ్బరిచెట్టు పశువులశాల మీద పడింది, భీముడు ఆ శాలలోనే ఉన్నాడు. పెద్ద జాతి కలిసిన నాటు కుక్క, 38 కిలోలు, ఎడమ వెనక కాలు చెట్టు కింద ఇరుక్కుపోయింది. దారి పొడవునా చెట్లు, స్తంభాలు. మూడో రోజుకి గానీ బొలెరో దొరికి విశాఖ చేరలేదు. అప్పటికే పాదం చల్లబడిపోయి వాసన వస్తోంది. కాలు తీయించుకుని ఇంటికొస్తే ఊళ్లో కరెంటు లేదు, ఫ్యాన్ లేదు, ఎక్కడ చూసినా ఈగలు. ఆ పరిస్థితుల్లో వాడు కోలుకుని, ఆ తర్వాత ఆరేళ్లు మూడు కాళ్లతో మా తోటంతా తిరిగాడు. 2024లో ముసలితనంతో పోయాడు. అప్పటినుంచి ఇచ్ఛాపురం, సోంపేట, బరంపురం వైపు ఇలాంటి కుక్కలున్న నలుగురైదుగురికి పక్కన నిలబడి చేయించాను. నేను డాక్టర్‌ని కాను, టైలరింగ్ చేస్తాను. మందుల మోతాదులు మాత్రం మీ సర్జన్‌నే అడగాలి, మిగతాది నాకు తెలిసినంతా రాస్తాను.

ముందు ఈ సాయంత్రమే చెయ్యాల్సిన పని. సర్జన్‌కి ఫోన్ చేసి మూడు సంగతులు చెప్పు: నాలుగు రోజులైనా తినట్లేదు, రాత్రి అరుస్తున్నాడు, లేవట్లేదు. మొదటి రెండు రోజులు కుక్క మత్తుగా పడుండటం, కూనిరాగం తీసినట్టు మూలగడం మామూలే, ఆపరేషన్ అప్పుడు ఇచ్చిన మందుల ప్రభావం అది. కానీ 4వ రోజుకి కూడా ముద్ద ముట్టట్లేదంటే చాలావరకు నొప్పి సరిగ్గా అదుపులో లేదనే అర్థం. మందు మార్చాల్సి రావచ్చు, ఇంకొకటి కలపాల్సి రావచ్చు. రెండోది, వాడికి బండి గుద్దింది కదా, మిగిలిన వెనక కాలికి గానీ నడుముకి గానీ దెబ్బ ఉందేమో చూడాలి. ఆ కాలి వేళ్ల మధ్య చర్మాన్ని గోటితో కాస్త గట్టిగా నొక్కి చూడు. కాలు వెనక్కి లాక్కుని నీ వైపు చూశాడంటే చాలా మంచి గుర్తు. లాక్కోకపోయినా, లాక్కున్నా అసలు పట్టించుకోనట్టు ఉన్నా ఆ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పు, ఎక్స్‌రే తియ్యమంటారు.

రాత్రి అరుపుల గురించి. నువ్వు రాసినదాన్ని బట్టి వాడు నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి, కాలు ఉండాల్సిన చోటు వైపు తిరిగి చూసి అరుస్తున్నాడు. భీముడు కూడా అచ్చం అంతే. లేని కాలు నొప్పెట్టడం అంటారు దీన్ని, మనుషుల్లోనూ ఉంది, కోసిన నరం ఇంకా కాలు ఉన్నట్టే మెదడుకి కబురు పంపుతుంది. మామూలు నొప్పి మాత్ర దీనికి అంతగా పనిచెయ్యదు. నరాల నొప్పికి గాబాపెంటిన్ అని ఒక మందు ఇస్తారు, మీ చీటీలో ఉందో లేదో చూసుకో, లేకపోతే డాక్టర్‌ని అడుగు. అది వేసుకున్నాక కుక్క కాస్త మగతగా, తాగినవాడిలా తూలుతుంది. తూలుతున్నాడని చెప్పి దాన్ని నీ అంతట నువ్వు ఆపెయ్యకు. కొన్ని వారాలు వాడాక డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ ఆపాలి, ఒక్కసారిగా కాదు.

మాత్రలు గడియారం చూసి వెయ్యి, కుక్క ఏడుపు చూసి కాదు. ఏడ్చేదాకా ఆగితే అప్పటికే నొప్పి పైకెక్కిపోయి ఉంటుంది, దాన్ని దించడం రెట్టింపు కష్టం. ఫోన్‌లో అలారం పెట్టుకో. పెద్ద కుక్కలు నొప్పి దాచుకుంటాయి, చాలాసార్లు అరవవు. చల్లటి పూట కూడా ఊరికే వగర్చడం, ఒక పక్క పడుకుని రెండు నిమిషాల్లో మళ్లీ సర్దుకోవడం, చెవులు వెనక్కి వేలేసి గోడ వైపు చూస్తూ ఉండిపోవడం, ఇవి నొప్పి గుర్తులు. మెలాక్సికమ్, కార్ప్రోఫెన్ లాంటి నొప్పి, వాపు మాత్రలు ఇస్తే కడుపులో ఏదో ఒకటి పడ్డాకే వెయ్యాలి. వాంతులైనా, మలం తారులా నల్లగా వచ్చినా ఆపేసి ఫోన్ చెయ్యాలి, కడుపులో పుండు పడిందేమో చూస్తారు. వీటితో పాటు స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించకూడదు. ఎవరైనా వాపు తగ్గడానికి డెక్సా (అదీ స్టెరాయిడే) వేద్దాం అంటే ఇప్పటికే ఏ మాత్ర నడుస్తోందో చెప్పు.

ఇంట్లో మనుషుల మాత్రలు పొరపాటున కూడా వద్దు. బ్రూఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపునీ మూత్రపిండాలనీ పాడుచేస్తాయి, పారాసిటమాల్ కూడా డాక్టర్ చెప్పకుండా వెయ్యకూడదు. డైక్లోఫెనాక్ అయితే రాబందులు చచ్చిపోతున్నాయని పశువుల కోసం తయారు చెయ్యడాన్నే 2006లో మన దేశంలో నిషేధించారు, అయినా మనుషుల మాత్ర ప్రతి ఇంట్లో ఉంటుంది, పాపం నొప్పి అని ప్రేమతో వేసేస్తారు. మా వీధిలో అలా ఒక కుక్క పోయింది.

ఇక అసలు విషయం. నువ్వు పంపిన ఫోటోలో టైగర్ పడుకున్నది మెరిసే గ్రానైట్ బండల మీద. తమ్ముడూ, వాడు లేవకపోవడానికి సగం కారణం అదే. నాలుగు కాళ్లున్న లాబ్రడార్ కూడా ఆ నేల మీద జారుతుంది. ఒకే వెనక కాలుతో లేవబోయి ఒకసారి జారిపడితే, కుట్ల మీద పడ్డ ఆ నొప్పి గుర్తుండిపోయి రెండోసారి ప్రయత్నించడు. మనం అది చూసి వాడు కుంగిపోయాడు, బతకాలని లేదు అనుకుంటాం. కాలు పోయిందన్న దిగులు వాడికి లేదు, నేల మీద నమ్మకం పోయింది అంతే. నాకు ఇది అర్థం కావడానికి పది రోజులు పట్టింది. మా ఇంట్లో నున్నటి ఎర్ర గచ్చు. నేనూ మా ఆయనా ఆ పది రోజులూ 38 కిలోల కుక్కని చెరో పక్కా పట్టుకుని మోసుకుంటూ పెరట్లోకి తీసుకెళ్లి, మళ్లీ మోసుకుని తెచ్చి పడుకోబెట్టేవాళ్లం. వాడు మోయించుకోవడానికి అలవాటు పడ్డాడు. పదకొండో రోజు పెరట్లో ఇసుక నేల మీద వదిలి ఎవరో పిలిస్తే నేను పక్కకి వెళ్లాను. వెనక్కి తిరిగి చూస్తే నూతి గట్టు దాకా తనంతట తనే వచ్చేశాడు. ఆ రోజు నాకు వచ్చిన ఏడుపు ఇప్పటికీ గుర్తే. పది రోజులు వాడికి మంచి నేల ఇవ్వకుండా మోసి వాడి బలం తగ్గించాను.

అందుకని రేపు పొద్దున్నే చెయ్యాల్సింది, పడక నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి వాకిట్లో మట్టి నేల దాకా ఒక బాట వెయ్యి. గోనె సంచులు పరిస్తే సరిపోతుంది అనుకుంటారు, కానీ వట్టి గోనె గ్రానైట్ మీద దానికదే జారుతుంది, అంతకంటే ప్రమాదం ఇంకోటి లేదు. నాలుగైదు సంచులు చివర్లు కలిపి కుట్టి, రెండు చివరలా మంచం కాళ్ల కిందో, ధాన్యం బస్తాల కిందో నొక్కి పెట్టు. మంచిది కావాలంటే ఆవుల షెడ్డులో వేసే నల్ల రబ్బరు మ్యాట్ ఉంటుంది కదా, పశువుల దాణా అమ్మే షాపుల్లో అడిగితే తెప్పిస్తారు, దాన్ని మించింది లేదు, కడిగితే పోతుంది, ఏళ్లు వస్తుంది. యోగా మ్యాట్ కూడా పర్వాలేదు. మా వైపు కొబ్బరిపీచు పట్టాలు చవగ్గా దొరుకుతాయి, నడిచే బాటకి బ్రహ్మాండంగా పట్టు ఇస్తాయి, పడకకి మాత్రం వెయ్యకు. పీచు కుట్లలో గుచ్చుకుంటుంది, పోగులు గాయానికి అంటుకుంటాయి. పాదాల కింద వేళ్ల మధ్య వెంట్రుకలు పెరిగి ఉంటే కత్తిరించు, గోళ్లు కూడా తీయించు. ఆ రెండింటి వల్లే జారే కుక్కలున్నాయి.

పడక వేరుగా చూడు. దూది పరుపు, మీద ప్లాస్టిక్ షీట్, దానిమీద పాత నేత చీర మడతలు. తడిస్తే చీర ఒక్కటీ మార్చేస్తే చాలు. లేవలేని పెద్ద కుక్కని నాలుగు గంటలకి ఒకసారి పక్క మార్చి పడుకోబెట్టాలి, లేకపోతే మోచేతుల దగ్గర, తుంటి ఎముక దగ్గర ఒరిపిడి పుండ్లు పడతాయి. అవి ఆపరేషన్ గాయం కంటే మొండివి. కుట్లున్న పక్క పడుకుంటానంటే పడుకోనీ, వాడికి నొప్పైతే వాడే తిరుగుతాడు.

లేపడం ఎలా. పెద్ద తువ్వాలు గానీ పాత కాటన్ చీర నాలుగు మడతలు వేసి గానీ పొట్ట కింద నుంచి, మిగిలిన వెనక కాలికి కాస్త ముందు భాగంలో దూర్చి రెండు కొసలు వీపు పైన కలిపి పట్టుకో. నేను కుట్టేది ఒక జానెడు వెడల్పు పట్టీ, లోపల పాత దుప్పటి ముక్క పెట్టి మెత్తగా, రెండు వైపులా చేతి పిడులతో. మీ ఊళ్లో ఏ టైలర్ అయినా అరగంటలో కుట్టేస్తాడు. మగ కుక్క కాబట్టి మూత్రం పోసే చోటు మీద పట్టీ నొక్కుకోకుండా చూడు, అది నొక్కుకుంటే పోయాలనిపించినా పొయ్యడు, పోసినా పట్టీ తడిసి చర్మం ఒరుసుకుపోతుంది. ముందు వాడి పేరు పిలిచి వాడిని ముందు కాళ్ల మీద లేవనీ. తర్వాత నువ్వు వెనక భాగం ఎత్తు, అదీ పాదం నేలకి ఆనేంత వరకే. చాలామంది గాల్లోకి ఎత్తేస్తారు, అలా ఎత్తితే కాలికి పని ఉండదు. నీ చేతిలో బరువు రోజు రోజుకీ తగ్గుతూ రావాలి, అదే నువ్వు చూసుకోవాల్సిన కొలత.

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ చెప్పరు. మూడు కాళ్ల కుక్కకి మెల్లగా నడవడం కంటే కాస్త వేగంగా గెంతుతూ వెళ్లడం తేలిక. మనం జాగ్రత్త అనుకుని నెమ్మదిగా, మెల్లగా అని లాగి పట్టుకుంటే వాడు తూలి పడతాడు. పట్టీ వదులుగా పట్టుకుని వాడి పక్కనే వాడి వేగంతో నువ్వు నడువు, పది అడుగులు వేశాక కూర్చుంటానంటే కూర్చోనీ. మొదట్లో ఒక్కోసారి 5 నిమిషాలు చాలు, రోజుకి నాలుగైదు సార్లు. ఒకేసారి అరగంట తిప్పి వదిలేస్తే మర్నాడు అసలు లేవడు. మెడకి గొలుసు వెయ్యకు, గొలుసు కాలికి చుట్టుకుంటే పడిపోతాడు, మెడ లాగితే తూకం తప్పుతుంది. ఛాతీకి వేసే బెల్టు కొను. మెట్లు, మంచం మీద నుంచి దూకడం, ఆటోలోంచి దూకడం రెండు మూడు వారాల దాకా వద్దే వద్దు, గడపల దగ్గర చెక్క పెట్టి ఏటవాలు చెయ్యి.

ముందు కాలు కాకుండా వెనక కాలు పోవడం మీకు ఒక రకంగా కలిసొచ్చింది. కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్లే మోస్తాయి, అందుకే ముందు కాలు పోయిన పెద్ద కుక్కలకి అలవాటు పడటం ఇంకా కష్టం. ఇంత పైదాకా ఎందుకు కోశారు, సగం ఉంచితే ఆనించుకునేవాడు కదా అని మీ అమ్మగారు అడిగారన్నావు. ఈ ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. సగం కాలు మిగిలితే కుక్క దాన్ని నేలకి కొడుతూనే ఉంటుంది, చర్మం చిట్లి ఎముక బయటికి వస్తుంది, మళ్లీ ఆపరేషన్ చెయ్యాల్సి వస్తుంది. పైదాకా తీస్తే మీద కండ కప్పి కుడతారు, గాయం శుభ్రంగా మూసుకుంటుంది. అందుకే సర్జన్లు అలా చేస్తారు. చక్రాల బండి గురించి అడిగావు, మిగిలిన మూడు కాళ్లు బాగుంటే దాని అవసరం రాదు, డబ్బు పెట్టకు.

గాయం. కుట్ల చుట్టూ ఊదా రంగు కమిలిపోయి, ఆ రంగు పొట్ట కిందకి, మిగిలిన తొడ మీదకి దిగుతుంది, చూడటానికి భయంగా ఉంటుంది కానీ అది నెత్తురు కిందకి దిగడమే, వారం పది రోజుల్లో పోతుంది. అడుగున నీళ్ల సంచిలా మెత్తగా ఊగే వాపు రావచ్చు, దాన్ని సూదితో పొడవకు, పిండకు, ఫోటో తీసి డాక్టర్‌కి పంపు, చాలావరకు ఒళ్లే పీల్చుకుంటుంది. వేడిగా ఉండి ఎర్రబడినా, చీము కారినా, చెడు వాసన వచ్చినా, కుట్టు తెరుచుకున్నా, నెత్తురు బొట్లు బొట్లుగా కారుతూనే ఉన్నా ఆలస్యం చెయ్యొద్దు. పసుపు, సున్నం, బొగ్గుపొడి, వేపనూనె ఏదీ కుట్ల మీద పెట్టకు. మా అత్తగారు పసుపు పెడదామని ఎంత పోరినా ఆపాను. మామూలు గాయానికి పెట్టుకుంటాం నిజమే, కుట్టిన గాయం మీద పొడి గడ్డకట్టి కింద తేమ పట్టేస్తుంది. స్నానం కుట్లు విప్పేదాకా లేదు, అవి 10 నుంచి 14 రోజుల మధ్య విప్పుతారు.

నాకమని వదిలేస్తే గంటలో కుట్లు ఊడదీసుకుంటాడు. మెడకి గరాటా లాంటి కాలర్ ఉంచాలి, తినేటప్పుడు నీ ముందు తీసి మళ్లీ పెట్టెయ్యి. అది పెడితే గోడలకి గుద్దుకుని లేవట్లేదంటే, పాత బనీను వెనక భాగానికి తొడిగి పట్టీలు వీపు మీద కట్టు, గాలి ఆడే కాటన్‌దే.

ఈగల గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన వైపు గాలిలో తేమ ఉంటుంది, ఎండా ఉంటుంది. ఈగ గుడ్లు పెడితే ఒక్క రోజులో పురుగులవుతాయి. 6వ రోజు రాత్రి దీపం వెలుగులో భీముడి గాయం చూస్తే కింది కొసన ఒక కుట్టు దగ్గర తెల్లగా ఏదో కదిలింది. కరెంటు లేదు, బయట వాన. పొద్దున్న దాకా నిద్ర లేదు. తెల్లారగానే దగ్గర్లోని పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఓపిగ్గా ఒక్కొక్కటీ తీసి మందు కొట్టారు. అదృష్టం, లోపలికి వెళ్లలేదు. ఆ రోజు నుంచి పగలూ రాత్రీ వాడి పడక మీద దోమతెర కట్టాను, నాలుగు కొసలూ పరుపు కిందకి మడిచి. నువ్వు ఇవాళే కట్టు. ఈగలు వాలకుండా గాయం చుట్టూ కొట్టే స్ప్రే ఉంటుంది, మీ డాక్టర్‌ని అడిగి తెచ్చుకో. పడక దగ్గర మూత్రం తడి, అన్నం మెతుకులు లేకుండా చూడు. పొద్దున్నా సాయంత్రం రెండుసార్లు టార్చి వేసి కుట్లు మొదలు నుంచి చివరిదాకా చూడు, ముఖ్యంగా కింది కొస.

తిండి. మందు సర్దుకుంటే ఆకలి దానికదే వస్తుంది. అప్పటిదాకా గిన్నెలో పెట్టి ఎదురు చూడకుండా చేత్తో పెట్టు. చికెన్ ఉప్పు, మసాలా లేకుండా ఉడికించి గోరువెచ్చగా, దాని నీళ్లతో కలిపి. ఉల్లిపాయ, వెల్లుల్లి పొరపాటున కూడా పడకూడదు, కుక్క నెత్తురుని దెబ్బతీస్తాయి. ఉడికించిన గుడ్డు, పెరుగన్నం, ముళ్లు తీసిన చేప. భీముడు మొదట నోరు తెరిచింది నెత్తళ్ల వాసనకి, పచ్చి నెత్తళ్లు ఉడికించిన నీళ్లు అన్నంలో కలిపితే గిన్నె నాకేశాడు. ఉప్పు చేప మాత్రం వద్దు. ఉడికిన ఎముకలు కూడా వద్దు. నీళ్ల గిన్నె పీట మీద ఎత్తులో పెట్టు, కిందకి వంగితే తూకం తప్పి ముందుకు పడతాడు.

మలవిసర్జన ఆపరేషన్ తర్వాత మూడు నాలుగు రోజులు కాకపోవడం మామూలే, తిండీ లేదు, మందుల వల్ల పేగు నెమ్మదిస్తుంది. రెండు చెంచాలు ఉడికించిన గుమ్మడికాయ అన్నంలో కలుపు, కూర్చునేటప్పుడు పట్టీతో ఆసరా ఇవ్వు, ఒంటికాలి మీద వంగడం వాడికి కొత్త. మూత్రం మాత్రం 24 గంటలు పోయకపోతే ఎదురు చూడొద్దు, ఫోన్ చెయ్యి. పాతలా కాలెత్తి పోయాలని చూసి పడతాడు, పడనివ్వకుండా పట్టుకుంటే రెండు రోజుల్లో నిలబడే పొయ్యడం నేర్చుకుంటాడు.

ఇంట్లో ఒక థర్మామీటర్ కుక్కకని వేరే పెట్టుకో, కొసకి కొబ్బరినూనె రాసి మలద్వారంలో చూడాలి. 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా మామూలు, 103 దాటితే డాక్టర్‌కి చెప్పు. రోజూ పై పెదవి ఎత్తి చిగురు చూడు, గులాబీ రంగులో ఉండాలి, వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటుకి రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. పాలిపోయి ఉంటే లోపల నెత్తురు పోతోందేమో, అర్ధరాత్రైనా సరే బయలుదేరు. మన వైపు గోమార్ల (పిడుదుల) జ్వరం కూడా ఎక్కువ, నీరసంగా ఉన్న కుక్కని అదే అదునుగా పట్టుకుంటుంది, చెవుల లోపల, వేళ్ల మధ్య గోమార్లు ఉన్నాయేమో వెతుకు. విశాఖ దాకా అంత దూరం మాటిమాటికీ తిరగలేవు కాబట్టి కట్టు మార్చడానికి, కుట్లు చూపించడానికి దగ్గర్లో ఒక డాక్టర్‌ని ఇప్పుడే మాట్లాడి పెట్టుకో. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు, ఒడిశాలోనూ ఆంధ్రాలోనూ అదే నంబరు. మళ్లీ ఎక్స్‌రే లాంటివి అవసరమైతే గరివిడి వెటర్నరీ కాలేజీ విశాఖ కంటే మీకు దగ్గర.

కుట్లు విప్పాక నీకు ఎదురయ్యే అసలు పోరు బరువుతో. లాబ్రడార్ ఆకలికి అంతుండదు, పాపం కాలు పోయిందని వచ్చినవాళ్లంతా బిస్కెట్లు పెడతారు. నేనూ అదే పని చేశాను, ఆరు నెలల్లో భీముడు నాలుగు కిలోలు పెరిగాడు, మిగిలిన మోకాలు వాచింది. మిగిలిన ఆ ఒక్క వెనక కాలే వాడి ఆస్తి. పెద్ద జాతులకి తుంటి కీలు, మోకాలి లిగమెంట్ (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ) మామూలుగానే బలహీనం, దానిమీద ప్రతి కిలో భారమే. అరచేతులు పక్కటెముకల మీద ఆనించి జరిపితే ఎముకలు తేలిగ్గా తగలాలి, వెతకాల్సి వస్తే లావైనట్టు. టైగర్ 36 నుంచి 32కి దిగినా నష్టం లేదు, ఎంతకి దించాలో డాక్టర్ వాడిని చూసి చెబుతారు. భుజాలు, నడుము ఇప్పుడు ఎక్కువ పని చేస్తాయి, రాత్రి పూట అరచేత్తో మెత్తగా పది నిమిషాలు రాస్తే ఎంత హాయిగా నిద్రపోతాడో చూడు. గాయం పూర్తిగా మానాక, అంటే ఆరు వారాల తర్వాత డాక్టర్ సరే అంటే, శుభ్రమైన చెరువులో ఛాతీ బెల్టుకి తాడు కట్టి ఈత కొట్టించు, కీళ్ల మీద బరువు పడకుండా కండ పెరుగుతుంది. ఎండలో రోడ్డు మీద నడిపించకు, మూడు పాదాలతో గెంతే కుక్కకి అలుపూ ఎక్కువే, అరికాళ్లు కాలితే ఆనించడానికి ఇంకో కాలు లేదు.

ఇది చదివే వాళ్లలో ప్రమాదం వల్ల కాక ఎముక క్యాన్సర్ వల్ల కాలు తీయించినవాళ్లు ఉంటే, పై జాగ్రత్తలన్నీ అవే గానీ లెక్క వేరు. పెద్ద జాతుల్లో వచ్చే ఆ జబ్బు చాలావరకు అప్పటికే ఊపిరితిత్తులకి పాకి ఉంటుంది, ఆపరేషన్ ఒక్కటే అయితే నాలుగైదు నెలలు, కీమో కూడా ఇస్తే సుమారు ఏడాది. ఇచ్ఛాపురంలో ఒకళ్ల రాట్‌వైలర్‌కి అలాగే జరిగింది, ఐదు నెలలు బతికింది. కాలు ఉన్నప్పుడు పడ్డ బాధ ఆ ఐదు నెలల్లో పడలేదని వాళ్లే చెప్పారు.

మీ నాన్నగారి గురించి. ఆయన మీద కోపం పెట్టుకోకు, ఆయన మాట్లాడేది ప్రేమ లేక కాదు, చూడలేక. మా మామగారు కూడా ఇదే మాట అన్నారు, వారం రోజులు పెరటి వైపు రావడమే మానేశారు. నేను వాదించలేదు. నెల తర్వాత ఒక రోజు కొబ్బరిపిలకలు నాటించడానికి తోటకి వెళ్తుంటే భీముడు వెనకే గెంతుకుంటూ వెళ్లాడట, సాయంత్రం ఇద్దరూ కలిసే వచ్చారు. అప్పటినుంచి వాడి అన్నం ఆయనే కలిపేవారు. మీ నాన్నగారికి ఒక పని అప్పజెప్పు, పట్టీ పట్టుకోమను, లేకపోతే మాత్రల అలారం ఆయన ఫోన్‌లో పెట్టు.

ఇప్పుడు ముందు డాక్టర్‌కి ఫోన్ చెయ్యి, తర్వాత గోనెలు కుట్టు. రేపు సాయంత్రం మూడు సంగతులు ఇక్కడే రాయి: ఏ మందు మార్చారు, కాలి వేళ్లు నొక్కితే లాక్కున్నాడా, గోనె మీద ఎన్ని అడుగులు వేశాడు. పట్టీ కొలతలు కావాలంటే వాడి పొట్ట చుట్టుకొలత టేపుతో తీసి పంపు, నేను బొమ్మ గీసి పెడతాను.